అట్టపులి గారికి ఒక తల్లి మొర

అట్టపులి గారికి,

నమస్కారాలు. దసరా సెలవుల హోంవర్క్ పుణ్యమా అని తమరు మా ఇంటికి దయచేశారు. సెలవులన్ని రోజులూ మీ పేరు ఎత్తినవాడు లేడు. ఆఖరి రాత్రి పదిన్నరకి, నోట్లో నురగతో పళ్లు తోముకుంటూ మావాడు "అమ్మా, రేపు పులి మాస్కు ఇవ్వాలి" అన్నాడు. డైరీలో "పిల్లలే స్వయంగా చేయాలి" అని రాసి, కింద గీత కూడా గీశారు. ఆ గీత ఎవరికోసమో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ వేళప్పుడు చార్టు ఎవరిస్తారు? పండక్కి వచ్చిన కాజాల డబ్బా మూతే తమరి ముఖారవిందం అయింది. గమ్ము సీసా ఎండిపోయి ఉంటే మైదా ఉడకబెట్టాను. "కాస్త మెంతిపిండి కలుపమ్మా, పురుగు పట్టదు. మేం చేటలకి కాగితం గుజ్జు అలాగే కలిపి పూసేవాళ్లం" అన్నారు మా అత్తయ్య. నేను వినలేదు. తెల్లారేసరికి మీ మీసాల మీద చీమలు బారులు తీరాయి. ఆవిడ చూసి ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

చారలంటారా, ఏ రెండు పులులకీ ఒకేలా ఉండవట. ఆ ఒక్క విషయంలో నన్నెవరూ తప్పు పట్టలేరు.

ఇవన్నీ వదిలేస్తాను. కళ్ల సంగతి మాత్రం వదలను.

వాడు నిద్రపోయాడని నా మొహానికే అట్ట పెట్టుకుని, పెన్నుతో చుక్కలు పెట్టి, బ్లేడుతో కన్నాలు కోశాను. పెద్దవాళ్ల కళ్ల మధ్య దూరం, ఏడేళ్ల పిల్లాడి కళ్ల మధ్య దూరం ఒకటి కాదని అర్ధరాత్రి ఎవరికి తోస్తుంది? పొద్దున వాడికి పెడితే ఒక కన్ను బయటికి చూస్తోంది, రెండోది అట్టని చూస్తోంది. ఆ కన్నాన్ని ముక్కు వైపు కాస్త పెంచాను. అప్పుడు ఇటు కన్ను మూసుకుపోయింది. ఇటూ పెంచాను. బ్లేడు జారింది, రెండు కన్నాలూ కలిసిపోయాయి. మధ్యలో ముక్కులా ఓ కాగితం ముక్క అతికిస్తే తమరు పులి నుంచి గుడ్లగూబలోకి దిగారు. అవతల ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. మావాడు మీతోనే పరిగెత్తి గేటుకి గుద్దుకున్నాడు.

మా ఊళ్లో దసరాకి పులివేషం కట్టేవాళ్లు మొహానికే రంగు పులుముకునేవారు. ఎవరి కళ్లు వాళ్ల దగ్గరే ఉండేవి. ఎంత సుఖం!

సాయంత్రం టీచరమ్మ రిమార్కు వచ్చింది: "వెరీ గుడ్. పిల్లి చాలా బాగుంది."

పిల్లా? ఒరేయ్, రాత్రి పన్నెండున్నర దాకా నీ మొహానికి రంగు వేసింది పిల్లి అనిపించుకోడానికా? 2022 లెక్కల్లో దేశం మొత్తం మీద పులులు సుమారు 3,682. వాడి క్లాసులోనే నలభై. ఆ నలభైలో పిల్లివి నువ్వొక్కడివే!

చెత్తబుట్టలో పడేయబోతే మావాడు అడ్డం పడ్డాడు. వాణ్ణి ఊరుకోబెట్టడానికి ఓ కథ చెప్పాను. నిజంగా జరిగిందే. పులి వెనకనుంచి మీద పడుతుందని 1980లలో సుందరబన్ అడవికి తేనె కోసం వెళ్లేవాళ్లు మనిషి మొహం మాస్కుల్ని తల వెనక కట్టుకునేవారు. తననే చూస్తున్నారనుకుని పులి కొన్నాళ్లు తగ్గింది.

అప్పటినుంచీ మావాడు నిన్ను తల వెనక తగిలించుకుని తిరుగుతున్నాడు. అక్కడ కన్నాలు ఎలా ఉన్నా ఫర్వాలేదు కదా. ఇందాక హోంవర్క్ చేయిద్దామని వెనకనుంచి మెల్లగా వెళ్లాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "కరుస్తుంది" అన్నాడు.

ఇట్లు,
వాడి అమ్మ