‘ఈ నెల విలువ’ చార్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చార్టు గారి సముఖానికి,

తరగతి గోడ మీద కొలువైన తమరు క్షేమమని తలుస్తాం. లామినేషన్ చేయించుకున్నవారి క్షేమానికేం లోటు! కింద బల్లల మీద కూర్చున్నవాళ్ల సంగతి విన్నవించుకుందామనే ఈ ఉత్తరం.

మొదటి నెల గౌరవం, రెండో నెల నిజాయితీ, మూడో నెల సహనం... నెలకొకటి చొప్పున అవతారాలు ఎత్తుతూనే ఉన్నారు. కొత్త అవతారం రాగానే పాతది బీరువా వెనక్కి చేరుతుంది. నిజాయితీ నెల ముగిసింది కాబట్టి రేపటినుంచి అబద్ధమాడినా ఫరవాలేదని పిల్లలు అనుకోరు లెండి. తమర్ని అంత శ్రద్ధగా చదివితే కదా! బోర్డుకు పైన, ఫ్యానుకు కింద తమ కొలువు. రెండో తరగతి పిల్ల మెడ వెనక్కి వాల్చితేగాని దర్శనం కాదు. తనిఖీకి వచ్చినవారికి మాత్రం గుమ్మంలోంచే సాక్షాత్కరిస్తారు, ఫొటోలో చక్కగా పడతారు. ఎవరికోసం వెలిశారో ఆ ఎత్తే చెబుతోంది.

గౌరవం నెలలో తమ కిందే ఏం జరుగుతుందో ఒకసారి వంగి చూడండి. జవాబు పత్రాలు మార్కుల వరుసలో పంచుతారు. చివరి పేరు వచ్చేసరికి తరగతంతా అటు తిరుగుతుంది. అల్లరి చేసినవాడి పేరు పొద్దున బోర్డు మూలకెక్కితే సాయంత్రం దాకా దిగదు. ఇంకో పిల్ల పేరును ఏడాది పొడుగునా తప్పుగానే పలుకుతారు, ఆ పిల్ల కూడా సరిదిద్దడం మానేస్తుంది. వీటిని ఆపడానికి పథకాలేమీ అక్కర్లేదు. పత్రాలు బోర్లించి, కూర్చున్న వరుసలో ఇస్తే సరి. అల్లరివాడి పేరు టీచరు నోటుబుక్కులో ఉంటే చాలు. ‘నీ పేరు ఎలా పలకాలమ్మా?’ అని మొదటి వారంలోనే అందరినీ అడిగితే ఆ ముచ్చటా తీరిపోతుంది.

సహనం గురించి తమరు పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు. సంతోషం. అమెరికాలో ప్రాథమిక తరగతుల సైన్సు పాఠాలను రికార్డు చేసి విన్న పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో ఒక లెక్క బయటపెట్టారు. ప్రశ్న వేశాక టీచరు జవాబు కోసం ఆగేది సుమారు 1 సెకను. దాన్ని 3 సెకన్లు చేస్తే జవాబులు పెద్దవయ్యాయి, అంతవరకు నోరు మెదపని పిల్లలూ మాట్లాడారు. ‘నేను, నేను’ అంటూ ముందు బల్లవాళ్లు లేచి నిలబడుతుంటే ఆ 3 సెకన్లు నెట్టుకురావడం మాటలు కాదు. అందుకే ప్రశ్న వేసి, ‘చేతులు ఎత్తొద్దు, ముందు ఆలోచించండి’ అని చెప్పి, లోలోపల మూడు లెక్కపెట్టి, జవాబును పక్కవారికి చెప్పించి, అప్పుడు ఒకరిని పిలవాలి. జవాబు వచ్చాక కూడా వెంటనే ‘శభాష్’ అనకుండా ఇంకో మూడు సెకన్లు ఆగాలి. ‘శభాష్’ వినబడిందంటే మిగతావాళ్లు ఆలోచించడం ఆపేస్తారు. తమ మీదున్న సహనం బొమ్మలో తాబేలు ఉంది, అది మాత్రం బాగానే ఆగింది.

నిజాయితీ దగ్గర కాస్త ఎక్కువ సేపు కూర్చుందాం, ఎందుకంటే తమరు ఎక్కువ చెడగొట్టింది అక్కడే. అబద్ధమాడితే ఏ గతి పడుతుందో చెప్పే కథే తమకు ఇష్టం, ‘నాన్నా పులి’ తరహాది. పరిశోధకులు కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో 3 నుంచి 7 ఏళ్ల పిల్లలకు ఇలాంటి కథలే చదివి వినిపించారు. అంతకుముందు పిల్లల్ని గదిలో ఒంటరిగా వదిలి, బొమ్మవైపు తొంగిచూడొద్దన్నారు. కథ అయ్యాక ‘చూశావా?’ అని అడిగారు. అబద్ధాలకోరును పులో తోడేలో దెబ్బతీసే కథ విన్నందువల్ల నిజం చెప్పినవాళ్లేమీ పెరగలేదు. తప్పు ఒప్పుకున్నందుకు మెచ్చుకోలు దొరికే కథ విన్నవాళ్లలో మాత్రం పెరిగారు. పులికి భయపడ్డవాడు నేర్చుకునేది పులికి దొరక్కుండా ఉండటమే కాబోలు.

ఇక అసలు పాఠం రంగు డబ్బా ఒలికినప్పుడు నడుస్తుంది. ఎవరు ఒలికించారో టీచరు కళ్లారా చూశారు. అయినా ‘ఇది నువ్వేనా?’ అని అడుగుతారు. ఆరేళ్లవాడిని అబద్ధంలోకి నెట్టడానికి ఇంతకంటే నునుపైన దారి లేదు. తెలిసినదాన్ని అడగకూడదు. ‘రంగు ఒలికింది, గుడ్డ తెచ్చి తుడువు, కావాలంటే నేనో చెయ్యి వేస్తా’ అంటే అబద్ధానికి చోటే ఉండదు. ఎవరు చేశారో తెలియని సందర్భంలో ఎవరైనా వచ్చి ఒప్పుకుంటే, ఒప్పుకున్నందుకు ఒక మాట, నష్టం సరిచేయడానికి ఒక పని, రెండూ విడివిడిగా ఇవ్వాలి. ఒప్పుకున్నవాడికీ దాచినవాడికీ ఒకే దెబ్బ పడితే, మర్నాటినుంచి ఒప్పుకునేవాడు ఉండడు. బోర్డు మీద తన లెక్క తప్పినప్పుడు టీచరు చప్పుడు కాకుండా చెరిపేయకుండా ‘ఇక్కడ తప్పు చేశాను’ అని పైకి అంటే, అది తమ నెలరోజుల ప్రవచనాన్ని మించుతుంది.

మంచి పని చేసినవారి పేరు పక్కన నక్షత్రం అంటించే పట్టిక, అదే తమ పెద్ద తమ్ముడు, సంగతి కూడా చెప్పాలి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు, బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లలు కొందరికి ‘గీస్తే బహుమతి పత్రం ఇస్తాం’ అని ముందే చెప్పి గీయించారు. కొన్నాళ్లకు చూస్తే, ఆ పిల్లలు బొమ్మలపై గడిపే సమయం మిగతావారు గడిపేదాంట్లో సుమారు సగమే. చెప్పకుండా ఇచ్చిన పత్రం మాత్రం హాని చేయలేదు. దయకు నక్షత్రం కడితే జరిగేదీ అదే. టీచరు అటు చూస్తున్నప్పుడు పడ్డవాణ్ని లేపడానికి నలుగురు ఉరుకుతారు, చూడనప్పుడు వాడే లేస్తాడు. మూడో వారానికి నక్షత్రాలన్నీ ఎప్పుడూ ఒకే అయిదుగురి పేర్ల పక్కనే ఉంటాయి, అట్టడుగున ఉన్నవాళ్లు ఆట నుంచి తప్పుకుంటారు. బదులుగా చూసింది చూసినట్టు, సాయం చేసిన పిల్లకు మాత్రమే వినబడేలా చెప్పండి: ‘రబ్బరు లేదంటే నీది సగం విరిచి ఇచ్చావు.’ అంతే, నక్షత్రం అంటించే జిగురు కూడా మిగులుతుంది.

సహకారం గురించి రెండు మాటల్లో: ఆరుగురి జట్టులో పని చేసేది ఇద్దరు, ముగ్గురో నలుగురో ఉంటే అందరూ. రాసే పని ప్రతిసారీ మంచి దస్తూరీ ఉన్న పిల్లకే పోకుండా పనులు వంతులవారీగా తిప్పాలి.

తమరు ఏనాడూ చూడని దృశ్యం ఒకటుంది, తరగతి సభ. వారానికోసారి, 15 నుంచి 20 నిమిషాలు. అందరి ముఖాలూ అందరికీ కనబడేలా గుండ్రంగా కూర్చోవాలి, టీచరు కూడా అదే ఎత్తులో. వారమంతా పిల్లలు చీటీలు వేసే పెట్టె ఒకటి ఉంటుంది. టీచరు ముందే అన్నీ చదివి, రెండే చీటీలు సభకు తెస్తారు. చేతిలో బంతి ఉన్నవారే మాట్లాడాలి. ఇష్టం లేకపోతే బంతిని పక్కకు ఇచ్చేయొచ్చు. పేర్లు ఎత్తకూడదు. ‘ఏం జరిగింది, ఎవరికి ఇబ్బంది, ఏం చేస్తే సర్దుకుంటుంది’ అన్న మూడింటి చుట్టే మాట నడవాలి. తేలిన ఉపాయాన్ని ఒక వారం అమలు చేసి, తర్వాతి సభ మొదట్లో అది పనిచేసిందో లేదో చూడాలి. ఇది చెడిపోయే దారులూ మాకు తెలుసు. మొదటి సభకే పెద్ద తగవు తెస్తే న్యాయస్థానమైపోతుంది, అందుకే మొదట్లో బంతి వంతులు, నీళ్ల వరుస లాంటి చిన్నవే తేవాలి. టీచరు ఉపన్యాసం అందుకుంటే పిల్లలు మూగబోతారు. పరీక్షలొచ్చాయని రెండు వారాలు ఎగ్గొడితే పెట్టెలో చీటీలు ఆగిపోతాయి. ఒకణ్ని పదేపదే ఏడిపించే వ్యవహారాన్ని అసలు సభకు తేకూడదు, దెబ్బతిన్నవాణ్ని అందరి మధ్యా మళ్లీ నిలబెట్టినట్టవుతుంది. దాన్ని టీచరు విడిగా, ఇద్దరితో వేర్వేరుగా మాట్లాడి తేల్చాలి.

తమ జాతిని తక్కువ చేస్తున్నామని కోపగించకండి. పాఠాలూ శిక్షణా కూడిన 7 శీలనిర్మాణ కార్యక్రమాలను అమెరికాలో 84 ప్రాథమిక బడుల్లో పరీక్షించి 2010లో నివేదిక ఇచ్చారు. మొత్తమ్మీద పిల్లల ప్రవర్తనలో మెరుగు కనబడలేదు. అంతటి హంగున్నవే అలా తేలితే, అట్టముక్కను తప్పుపట్టడం ధర్మం కాదు.

కనుక విన్నపం ఏమనగా, వచ్చే సోమవారం తమరు గోడ ఖాళీ చేయాలి. ఆ చోటుకు పిల్లలు తేల్చుకుని రాసిన నియమాల కాగితం వస్తుంది. మూడో నాలుగో ఉంటాయి, అయిదుకు మించవు. ‘పరుగెత్తరాదు’ అని ఉండదు, ‘వరండాలో నడుస్తాం’ అని ఉంటుంది. మొదటి వారం రోజూ ఆ నడక సాధన చేయిస్తాం. సెలవుల తర్వాత కాగితం మళ్లీ దించి, పనికిరాని నియమం కొట్టేస్తాం, కాబట్టి దానికి లామినేషన్ లేదు. పైనున్న మేకులు పీకి, పిల్లల కళ్లెత్తుకు కొడుతున్నాం. తమ కోసం కాదు, అపోహ పడకండి.

ఇట్లు,
తమ నీడన పాఠం చెప్పుకునేవాళ్లం

తా.క.: తమ వెనకవైపు తెల్లగానే ఉంది. ప్లాస్టిక్ పొర ఊడదీస్తే పెన్సిలు ఎక్కుతుందేమో చూస్తున్నాం.