బండి ఎత్తడం హెల్పర్ పని కాదు

మొన్న మా మెకానిక్‌ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. బండిని గాల్లోకి లేపే లిఫ్ట్ మీద ఎర్ర స్పోర్ట్స్ కారు, ఎడమ వైపు తలుపుల కింద ఉండే సైడ్ స్కర్ట్ అనే తొడుగు మధ్యలో జానెడు చీలిక. దాని కింద బోలెడు మెసేజ్‌లు. అందరిదీ ఒకటే పాట: హెల్పర్‌గాడు చూసుకోలేదు, జీతం కోయండి, పనిలోంచి తీసేయండి. ఆ హెల్పర్ బటన్ నొక్కినప్పుడు పక్కన ఎవరున్నారని ఒక్కరూ అడగలేదు. రెండు రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

నేను 14 ఏళ్లు దుబాయ్ అల్ ఖూజ్‌లో, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఈ బండ్ల కిందే బతికాను. ఇప్పుడు హైదరాబాద్‌లో చిన్న షెడ్ నడుపుతున్నాను. ఇంజిన్ విప్పడం సీనియర్ పని. గేర్‌బాక్స్ సీనియర్ పని. స్కానర్ పట్టుకునేది సీనియర్. కానీ బండిని లిఫ్ట్ మీదికి ఎక్కించి గాల్లోకి లేపే పని మాత్రం నిన్న చేరిన కుర్రాడిది. ఏ షెడ్‌కి వెళ్లినా ఇదే పద్ధతి. కోట్ల రూపాయల బండి నేలను వదిలే ఆ క్షణాన్ని మనం "చిన్న పని" లెక్కలో వేసేశాం. ఆ లెక్కే తప్పని నా వాదన.

మామూలు బండికి ఈ నిర్లక్ష్యం చెల్లిపోతుంది. స్విఫ్ట్‌కి గానీ కరోలాకి గానీ తలుపుల కింద గట్టి ఇనుప అంచు ఉంటుంది. జాకీ పాయింట్, అంటే బండిని ఎత్తడానికి ఆనించే చోటు, ఒక అంగుళం అటూ ఇటూ అయితే అంచు కొంచెం వంగుతుంది, అంతే. ఎవరూ కిందికి వంగి చూడరు. ఆ అలవాటుతోనే కుర్రాడు స్పోర్ట్స్ కారు దగ్గరికి వస్తాడు. అక్కడ బయటికి కనిపించేదేదీ బరువు మోసేది కాదు. పక్కల ఫైబర్, కింద ప్లాస్టిక్ షీట్, లోపలెక్కడో అల్యూమినియమో కార్బనో. అరచేయంత చోటే బరువు మోస్తుంది. మిగతాదంతా గాలి కోసం పెట్టిన తొడుగు.

కార్వెట్ అనే అమెరికన్ స్పోర్ట్స్ కారు సంగతి చెప్తాను, ఎందుకంటే నా కళ్లముందు పగిలింది అదే. 1953 నుంచీ ఆ బండి ఒంటి మీదుండే ప్యానెళ్లు ఉక్కువి కావు, ఫైబర్ రకం. ఈ మధ్య తరాల్లో దాని ఫ్రేమ్‌కి ముందు చక్రాల వెనక రెండు, వెనక చక్రాల ముందు రెండు సన్నటి గాడులు ఉంటాయి. చిన్న జాక్ ప్యాడ్‌ని ఆ గాడిలో దూర్చి పావు మలుపు తిప్పితే అది ఫ్రేమ్‌కి వేలాడుతుంది. సైడ్ స్కర్ట్ కన్నా కిందికి దిగి ఉంటుంది కాబట్టి లిఫ్ట్ చేయి, అంటే బండి కిందికి దూరి ఎత్తే ఇనుప కడ్డీ, దాన్నే తాకుతుంది, స్కర్ట్‌ని తాకదు. నాలుగు ప్యాడ్లూ కలిపినా బండి ఖరీదు ముందు లెక్కలోకి రావు. అవి లేకుండా లిఫ్ట్ చేయి పెడితే ముందు స్కర్ట్ అంచు నలుగుతుంది, ఆ తర్వాతే ఫ్రేమ్ తగులుతుంది.

ఆ రోజు పసుపు రంగు కార్వెట్ వచ్చింది, ఆయిల్ మార్చడానికి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన కుర్రాడు, చేరి మూడు నెలలు కూడా కాలేదు. లిఫ్ట్ చేతులు సరిచేసి నా వైపు చూశాడు. "అన్నా, లేపాల్నా?" అన్నాడు. నేను ఫోన్‌లో స్పేర్ పార్ట్స్ షాపు వాడితో మాట్లాడుతున్నాను. తల కూడా తిప్పకుండా "లేపు" అన్నాను. లిఫ్ట్ మోటార్ మూలిగింది. నాలుగు సెకన్లు. ఎండుకొమ్మ విరిచినట్టు టప్‌మని ఒక శబ్దం. కుర్రాడు బటన్ మీంచి వేలు తీసి అలాగే రాయిలా నిలబడిపోయాడు. చీలిక తెల్లగా కనిపించింది. ఫైబర్ పగిలితే లోపలి పీచు అలా తెల్లగా బయటపడుతుంది. తర్వాత కాగితాల కోసం బండి తలుపు తీస్తే పక్క సీటు మీద చిన్న నల్ల సంచి. అందులో నాలుగు జాక్ ప్యాడ్లు. ఓనర్ మా కోసమే తెచ్చి పెట్టాడు. మేం ఎవరమూ తలుపు తీసి చూడలేదు.

కుర్రాడికి మూడు నెలలు జీతం కోశారు. అప్పటికే వీసా కోసం ఊళ్లో చేసిన అప్పుకు వడ్డీ కడుతున్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో వాడికి తెలియాల్సింది ఏముంది, మాకు తెలిసుండీ చెప్పనిది ఏముంది?

మధ్యలో, అంటే సీట్ల వెనక ఇంజిన్ ఉండే బండ్ల దగ్గరికొస్తే ఇంకా భయం. రోజూ ముందు ఇంజిన్ బండ్లు లేపిన చేతికి ఒక కొలత అలవాటైపోతుంది. లిఫ్ట్ స్తంభానికి ఎదురుగా డ్రైవర్ సీటు ఎక్కడుండాలో కళ్లు మూసుకుని ఆపుతారు. ఫెరారీనో లంబోర్ఘినీనో అదే కొలతలో ఆపితే బరువంతా వెనక్కి పోతుంది, ఎందుకంటే అలాంటి బండ్లలో సగం కన్నా ఎక్కువ బరువు వెనక చక్రాల మీదే. బండిని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లి ఆపాలి. చక్రాలు నాలుగు వేళ్ల ఎత్తు లేచాక ఆపి, ముందూ వెనకా బంపర్ దగ్గర చేత్తో ఊపి చూడాలి. ఊగితే దించి లిఫ్ట్ చేతులు మళ్లీ సర్దాలి. ఆ ఊపి చూడటానికి అర నిమిషం కూడా పట్టదు. దాన్ని దాటేసిన షెడ్లు నేను లెక్కలేనన్ని చూశాను.

మరి లేపాక బరువు మారితే? 1994లో వచ్చిన ఫెరారీ ఎఫ్355కి టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే పట్టీ) మార్చాలంటే ఇంజిన్ కిందికి దించాల్సిందే. ఇంజిన్, గేర్‌బాక్స్, వాటిని మోసే వెనక సబ్‌ఫ్రేమ్ అన్నీ ఒకే ముద్దగా టేబుల్ మీద కూర్చుంటాయి, బాడీని పైకి లేపుతారు. (దాని తర్వాత వచ్చిన 360 మోడెనాకి సీట్ల వెనక మూత తీసి బెల్ట్ మార్చే వీలు పెట్టారు, పుణ్యం కట్టుకున్నారు.) ఆ ముద్ద విడిపోయిన క్షణంలో అప్పటిదాకా వెనక్కి లాగిన బండి ముక్కు బరువై ముందుకు వాలుతుంది. ముందే ముక్కు కింద పొడుగు స్టాండ్లు పెట్టి, బాడీని లిఫ్ట్ చేతులకు బెల్టులతో కట్టి ఉంచాలి. నాకు ఈ పని నేర్పిన ఫోర్‌మన్ కేరళ ఆయన, ఆఖరి బోల్టు విప్పేముందు ప్రతిసారీ షెడ్‌లో రేడియో ఆపించేవాడు. మొదట్లో ఎందుకో అర్థమయ్యేది కాదు. బండి కదిలితే ముందు తెలిసేది చెవికేనని తర్వాత తెలిసింది.

కార్బన్ బండ్లు వేరే కథ. మెక్‌లారెన్ 2011 నుంచి తెచ్చిన కార్బన్ తొట్టి, అంటే మనుషులు కూర్చునే భాగాన్ని మోసే గట్టి చట్రం, బరువు సుమారు 75 కిలోలే. నేను ఒకసారి ఆ అంకె ఊళ్లో మా తమ్ముడికి చెప్తే నమ్మలేదు, ఒక మనిషంత బరువుండే తొట్టి చుట్టూ బండినంతా కడతారా అన్నాడు. దాని బలం ఎంత ఉన్నా, ఆ బలం కంపెనీ చెప్పిన చోట్ల నుంచి పట్టినప్పుడే. ఇనుము దెబ్బ తింటే సొట్ట పడుతుంది, కంటికి కనిపిస్తుంది. కార్బన్ పైకి నున్నగా ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. అలాంటి బండిని తప్పు చోట ఎత్తి, "ఏం కాలేదులే" అని తుడిచి ఇచ్చేయడం మోసం. నాకు వేరే మాట దొరకడం లేదు. మీకు అనుమానం వస్తే ఓనర్‌కి చెప్పండి. తిడతాడు, తిట్టనివ్వండి. ఆ బండిలో కూర్చుని గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వెళ్లేది ఆయన.

చిన్నవిగా కనిపించి ఖరీదైపోయేవి ఇంకా ఉన్నాయి. ఇంజిన్ మూత తెరిచి ఉంచి బండి లేపితే అది పైన ట్యూబ్‌లైటుకో దూలానికో తగులుతుంది. అలాంటిది రెండుసార్లు చూశాను, రెండుసార్లూ మూత తెరిచినవాడు వేరు, లేపినవాడు వేరు. గాలి నింపి ఎత్తు మార్చుకునే ఎయిర్ సస్పెన్షన్ ఉన్న చాలా బండ్లలో, ఆ మార్పును ఆపే జాక్ మోడ్ ఉంటుంది. అది ఆన్ చేయకుండా లేపితే చక్రాలు వేలాడుతున్నాయని కంప్యూటర్ తనంతట తాను ఎత్తు సరిచేయబోతుంది. ఇక సెంటర్ లాక్ చక్రాలు, అంటే మధ్యలో ఒకే పెద్ద నట్‌తో బిగించేవి. 991 తరం పోర్షే జీటీ3కి ఆ నట్ బిగింపు 600 న్యూటన్ మీటర్లు. మామూలు చక్రపు బోల్టుకు పెట్టే బిగింపుకి ఇది ఎన్నో రెట్లు. మనిషంత పొడుగు రాడ్‌తో, ఒంటి బరువంతా వేసి తిప్పాలి. అది బండి గాల్లో ఉండగా చేస్తే లిఫ్ట్ చేతుల మీది ప్యాడ్ల మీంచి బండినే లాగేస్తారు. చక్రం నేలను తాకి ఉండాలి, ఒకరు లోపల కూర్చుని బ్రేక్ తొక్కి పట్టాలి. ఇద్దరి పని. ఒక్కడితో చేయించకండి.

దుబాయ్‌లో మాకు ఇసుక శత్రువు. రబ్బరు ప్యాడ్ మీద నాలుగు ఇసుక రేణువులున్నా అల్యూమినియం మీద గీతలు పడేవి. అందుకని బండి వచ్చినప్పుడల్లా ప్యాడ్లు తడిగుడ్డతో తుడవడం, నూనె అంటినవి మార్చడం నాకు అలవాటైంది. ఇక్కడ హైదరాబాద్‌లో శత్రువులు వేరు. చాలా షెడ్లలో కొత్తగా మెరుస్తున్న టైల్స్ వేసి, వాటి మీదే యాంకర్ బోల్టులు దించి రెండు స్తంభాల టూ పోస్ట్ లిఫ్ట్ నిలబెడుతున్నారు. టైల్ కింద కాంక్రీట్ ఎంత మందం ఉందో ఓనర్‌కే తెలియదు. అద్దె షెడ్ కదా, తవ్వి చూడనివ్వరు. అన్నా, మీ కాళ్లకు దండం పెడతాను, లిఫ్ట్ కంపెనీ వాడు చెప్పిన మందం లేకపోతే ఆ లిఫ్ట్ బిగించొద్దు. దాని కింద నిలబడేది మీ పిల్లలంత పిల్లలు.

ఇంకొకటి స్పీడ్ బ్రేకర్లు. మన కాలనీల్లో ఎవరికి తోచిన ఎత్తులో వాళ్లు కట్టుకున్నవి. స్పోర్ట్స్ కారు ముందు పెదవి నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. అలాంటి బండి మా దగ్గరికి వచ్చేసరికే కడుపు గీసుకుపోయి ఉంటుంది. ఓనర్‌కి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఆయన ఎప్పుడూ కిందికి చూడడు. లిఫ్ట్ మీద మొదటిసారి చూసి, మీరే చేశారంటాడు. అందుకని నేను బండి లేపేముందే ఓనర్‌ని పక్కన నిలబెట్టి ఫోన్ లైట్‌తో నాలుగు పక్కలా ఫొటోలు తీస్తాను. లేపాక కింద మళ్లీ తీస్తాను. మొదట్లో కొందరు చిన్నబుచ్చుకున్నారు, నమ్మకం లేదా అని. ఇప్పుడు వాళ్లే అడిగి పంపించుకుంటున్నారు.

ఇది నలుగురైదుగురు ధనవంతుల బండ్ల గొడవ అనుకునేవాళ్లు ఒక్కసారి ఎలక్ట్రిక్ కార్ల కింద చూడండి. బ్యాటరీ అంతా నేలలోనే పరిచి ఉంటుంది. జాకీ పాయింట్ తప్పి బ్యాటరీ పెట్టె మీద బరువు పడితే, పగిలేది సైడ్ స్కర్ట్ కాదు. మన వీధి చివర టైర్ షాపులో జాకీ తోసే కుర్రాడికి ఇది ఎవరైనా చెప్పారా?

నా షెడ్‌లో ఇప్పుడు పద్ధతి ఇలా ఉంది. ఏ బండి అయినా లేపేది నేను, లేదా నా తర్వాత సీనియర్. ముందు ఆ మోడల్ పుస్తకంలో జాకీ పాయింట్ బొమ్మ తెరిచి హెల్పర్‌తో చూపించమంటాం. వాడు వేలు పెట్టి చూపించాలి. ముందు భాగం మరీ కిందికుంటే రెండు చెక్క పలకలు వేసి ఎక్కిస్తాం, లిఫ్ట్ చేయి దూరడానికి చోటు వస్తుంది. ప్యాడ్ తాకగానే ఆపుతాం. హెల్పర్ నాలుగు మూలలా కింద పడుకుని చూసి, నాలుగుసార్లు "సరే" అనాలి. మూడుసార్లు అంటే లేపం. ఎవరు "ఆపు" అన్నా లిఫ్ట్ ఆగాలి, ఎందుకు అన్నావని కోప్పడకూడదు. పని అయ్యాక కూడా బండి వదిలేసి టీకి పోవడం లేదు, లిఫ్ట్ జారకుండా ఆపే లాక్ మీద దించి ఉంచాకే ఎవరైనా కదలాలి. దీనంతటికీ పది నిమిషాలు పడుతుంది. పక్క షెడ్ వాళ్లు ఆ పది నిమిషాల్లో ఆయిల్ డ్రైన్ చేసేస్తారు, నిజమే. కొందరు కస్టమర్లు అక్కడికి పోయారు కూడా.

జీతం కోత మాత్రం నా షెడ్‌లో లేదు. కోత పెడితే కుర్రాడు జాగ్రత్త నేర్చుకోడు, దాచడం నేర్చుకుంటాడు. కింది షీట్‌ని పట్టి ఉంచే క్లిప్ పగిలితే గమ్‌తో అతికించి నోరు మూసుకుంటాడు. ఆ బండి ఔటర్ రింగ్ రోడ్ ఎక్కాక ఆ షీట్ ఊడి చక్రానికి చుట్టుకుంటే ఎవరిని అడుగుతాం?

ఆ జగిత్యాల కుర్రాడు ఇప్పుడు మస్కట్‌లో సొంతంగా పని చూసుకుంటున్నాడు. పండగలకి ఫోన్ చేస్తాడు, మా పిల్లల చదువులు అడుగుతాడు, కార్వెట్ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తడు. తమ్ముడూ, ఈ పోస్ట్ నీ దాకా వస్తుందని నాకు తెలుసు. ఆ రోజు మేనేజర్ ఎవరు లేపమన్నారని అడిగినప్పుడు నువ్వు నా వైపు చూశావు. నేను టూల్ ట్రాలీ సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను. లేపమన్నది నేనే. నీ మూడు నెలల జీతం ఈ నెలలో నీ అకౌంట్లో వేస్తాను, వద్దనకు.