21 రోజులు ఫోన్ దాచినంత మాత్రాన బెట్టింగ్ పోదు

హన్మకొండలో మా కాలనీ గ్రూపు, బంధువుల గ్రూపు, కాలేజీ లెక్చరర్ల గ్రూపు, ఎక్కడ చూసినా ఇప్పుడు ఒకటే మెసేజ్. దాని సారాంశం ఇది: "ఫోన్‌లో రమ్మీ, క్రికెట్ బెట్టింగ్ ఆడే పిల్లల మెదడులో డోపమైన్ అనే ఆనంద రసాయనం కొకైన్ తీసుకున్నంతగా ఊరుతుంది. పైసలు పోతున్నా మానడం లేదంటే వాళ్లకు అందులో మజా ఉన్నట్టే. ఇది జబ్బు కాదు, క్రమశిక్షణ లేకపోవడం. 21 రోజులు ఫోన్ లాగేసుకోండి, మెదడు రీసెట్ అవుతుంది. డాక్టర్ల చుట్టూ తిరిగి పరువు తీసుకోకండి."

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఈ మెసేజ్‌లో కొంచెం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. మిగతాదంతా తప్పు. చివరి సలహా అయితే ప్రాణాల మీదికి తెచ్చేది.

ముందు డోపమైన్ సంగతి. అది ఆనందాన్నిచ్చే రసాయనం అన్న మాటే సరికాదు. 1990లలో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే నాడీశాస్త్రవేత్త కోతులకు పండ్లరసం ఇస్తూ డోపమైన్ నాడీకణాలను గమనించాడు. మొదట్లో రసం అందగానే అవి స్పందించాయి. లైటు వెలిగాక రసం వస్తుందని కోతులకు అలవాటైన తర్వాత, లైటు వెలగగానే స్పందించడం మొదలైంది. రసం అందినప్పుడు ప్రత్యేకంగా ఏమీ లేదు. లైటు వెలిగి రసం రాకపోతే మాత్రం ఆ కణాల చురుకు ఒక్కసారిగా పడిపోయింది. అంటే అవి లెక్కగట్టేది అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాను. కెంట్ బెరిడ్జ్ అనే మరో శాస్త్రవేత్త బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు తిండి జోలికే పోలేదు, కానీ నోట్లో తీపి పోస్తే ఎప్పటిలాగే ఇష్టంగా చప్పరించాయి. కోరుకోవడం వేరు, ఆస్వాదించడం వేరు.

ఇది పుస్తకాల్లో సంగతి మాత్రమే కాదు. మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడు, ఎనుమాముల యార్డులో పత్తి అమ్మిన పైసలు బాపు ఖాతాలో పడగానే బెట్టింగ్‌లో పెట్టి పోగొట్టాడు. ఒకరోజు మా ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు టీవీలో ఏదో మ్యాచ్ చివరి ఓవర్ నడుస్తోంది. చేతిలో ఫోన్ లేదు. అయినా వాడి బొటనవేలు తొడ మీద ఏదో బటన్ నొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంది. అడిగితే, "మామా, గెలిచినా సంబురం అయితలేదు. ఆడకపోతే మాత్రం పానం నిలుస్తలేదు" అన్నాడు. మజా ఉండబట్టే మానడం లేదని రాసినవాళ్లు ఇలాంటి ఒక్క పిల్లాడితోనైనా పది నిమిషాలు మాట్లాడి ఉండాల్సింది.

పైగా ఆ యాప్‌లలో గెలుపు కొద్దిలో చేజారే ఓటములు ఎక్కువ. 2009లో లూక్ క్లార్క్ అనే శాస్త్రవేత్త బృందం స్లాట్ మెషీన్ లాంటి ఆట ఆడించి మెదళ్లను స్కాన్ చేసింది. గెలుపు కొద్దిలో తప్పినప్పుడు కూడా, గెలిచినప్పుడు చురుకయ్యే భాగాల్లో కొన్ని చురుకయ్యాయి. అలా తప్పడం బాగోలేదని ఆడినవాళ్లే చెప్పారు. అయినా ఇంకోసారి ఆడాలనిపించిందనీ చెప్పారు.

కొకైన్‌తో పోలికకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. వీడియో గేమ్ ఆడేటప్పుడు డోపమైన్ విడుదలవుతుందని 1998లో లండన్‌లో ఎనిమిది మంది మీద చేసిన అధ్యయనం చూపింది, నిజమే. కానీ విడుదలైన డోపమైన్‌ను తిరిగి నాడీకణాల లోపలికి తీసుకునే దారినే కొకైన్ మూసేస్తుంది. ఆట ఆ పని చేయదు. మత్తుమందుల వ్యసనంలో కనిపించే డీ2 గ్రాహకాల (కణాల మీద డోపమైన్‌ను అందుకునే భాగాల) తగ్గుదల కూడా జూద వ్యసనంలో అలా స్పష్టంగా కనిపించలేదు.

ఇక జబ్బు కాదన్న మాట. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే జూద వ్యసనాన్ని రుగ్మతల జాబితాలో చేర్చింది, 2013లో మద్యం, మత్తుమందుల వ్యసనాల విభాగంలోకి మార్చింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో జూదంతో పాటు గేమింగ్ రుగ్మత కూడా ఉంది. క్రమశిక్షణ వాదానికి గట్టి జవాబు మాత్రం పార్కిన్సన్స్ (డోపమైన్ కణాలు తగ్గి వణుకు వచ్చే జబ్బు) రోగుల నుంచి వచ్చింది. డోపమైన్ గ్రాహకాలను ప్రేరేపించే ప్రామిపెక్సోల్ లాంటి మందులు వాడుతున్న కొందరికి, అంతకుముందు ఆ ఊసే లేనివాళ్లకు కూడా, జూదం యావ పట్టుకుంది. డాక్టర్లు మందు తగ్గించాకో ఆపాకో చాలామందిలో అది పోయింది. ఆ పెద్దమనుషులకు క్రమశిక్షణ మాత్రతో పాటే పోయి, మాత్రతో పాటే వచ్చిందంటారా?

21 రోజుల లెక్క మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట నుంచి పాకింది. ఆయన కనీసం 21 రోజులు అన్నది కొత్త రూపానికి అలవాటు పడటం గురించి, వ్యసనం గురించి కాదు. అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఆపేసినంత మాత్రాన నేర్చుకున్నది చెరిగిపోదు. గంట మోగించి తిండి పెట్టకుండా ఉంటే కుక్కల్లో లాలాజలం ఆగినా, కొంత విరామం తర్వాత మళ్లీ వస్తుందని పావ్లోవే చూశాడు. 22వ రోజు ఫోన్ చేతికివ్వగానే ఐపీఎల్ వస్తుంది, పత్తి పైసలు వస్తాయి, లోన్ యాప్ వాళ్ల ఫోన్ వస్తుంది. మా బంధువుల అబ్బాయి అన్ని రోజులు కూడా ఆగలేదు, దోస్తు ఫోన్‌లో ఆడాడు. ఇంట్లోవాళ్లు మాత్రం మానేశాడనే అనుకున్నారు.

డాక్టర్ వద్దన్న సలహా మీద నాకు నిజంగా కోపం ఉంది. ఆలోచనలను, ఆడాలనిపించే సందర్భాలను పట్టుకుని మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి మంచి ఆధారాలున్నాయి. కొందరికి డాక్టర్లు నాల్‌ట్రెక్సోన్ అనే మందు కూడా రాస్తారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ వ్యసనాల కోసం 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎవరి కంటా పడకుండా అడగాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఈలోగా ఇంట్లో చేయాల్సింది, పిల్లాడిని ఒప్పించి ఖాతా, ఏటీఎం కార్డు, యూపీఐ కొంతకాలం ఇంకొకరి చేతిలో పెట్టడం. అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించండి. తిట్టకుండా రాయిస్తే దాచిన అప్పులు కూడా బయటికొస్తాయి. జూద వ్యసనంలో ఆత్మహత్య ముప్పు ఎక్కువ. కాబట్టి వాడు చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకండి, పరువు సంగతి పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.