రెండు వేళ్ళ సందు

(అనంతపురం దగ్గర ఒక పల్లె. వేపచెట్టు కింద పాత ఏడు సీట్ల జీపు. చీనీతోటల మధ్య ఎర్రమట్టి బాటలో పెండ్లికి పోయి అప్పుడే వచ్చినారు. నారాయణమ్మ పట్టుచీర కొంగు దులుపుతోంది. వెంకట్రాముడు అటు చూడకుండా తలపాగా విప్పుతున్నాడు.)

నారాయణమ్మ: ఏమయ్యా, ఇది పట్టుచీరనా, శెనక్కాయలు పెరికొచ్చిన గుడ్డనా?

వెంకట్రాముడు: మట్టే కదా, దులుపుకో.

నారాయణమ్మ: మూడుసార్లు దులిపినా. కుచ్చిళ్ళలో ఇంకా పావుశేరు ఉంది. అద్దాలన్నీ ఎక్కించుకొనే వచ్చినాం కదా, యాడ నుంచి దూరింది?

వెంకట్రాముడు: అదే నాకూ తెలీదు. పోయిన వారమే డోర్ల రబ్బర్లకంతా ఆముదం పూసినా.

నారాయణమ్మ: ఆముదమా! అవేమన్నా నీ మనవరాలి జడలా? ఇట్ల రా, వేలు పెట్టి చూడు. మట్టి, ఆముదం కలిసి సద్దిపిండి మాదిరి అయింది. దుమ్మును పిలిచి చాప పరిచినావు.

వెంకట్రాముడు: రబ్బరు ఎండిపోయింది, మెత్తబడాలని పూసినా. ముందు గ్రీజే పూద్దామనుకున్నా.

నారాయణమ్మ: గ్రీజు పూసింటే రబ్బరు ఉబ్బి, కొన్నాళ్ళకు ఊడి చేతికొచ్చేది. సబ్బునీళ్ళతో తుడిచి, బాగా ఆరనిచ్చి, సిలికాన్ స్ప్రే పల్చగా రుద్దాల. అదీ గుడ్డకు కొట్టి రుద్దాల. నేరుగా కొడితే అద్దాలన్నీ జిడ్డు.

వెంకట్రాముడు: మీ తమ్ముడు చెప్పినాడా?

నారాయణమ్మ: చెప్పినాడు. వాడు జీపుల కింద పడుకొని సంపాదిస్తాడు, నువ్వు జీపు లోపల పడుకొని నిద్రపోతావు. తేడా ఉండదా?

వెంకట్రాముడు: నేనూ ఊరికే లేను. డోర్ల అడుగున చిన్న చిన్న బొక్కలుంటే, అన్నిటికీ ఎంసీల్ పెట్టి మూసేసినా. ఆ పని చేసినాడా మీ తమ్ముడు?

నారాయణమ్మ: (తల పట్టుకొని) అవి వాననీళ్ళు పోయే బొక్కలయ్యా! అద్దం పక్క నుంచి దిగిన నీళ్ళు డోరు కడుపులో పడి, ఆ బొక్కల్లో నుంచి కారిపోవాల. మూసేస్తే లోపల్లోపలే తుప్పు. స్క్రూడ్రైవరు తీసుకొని ఇప్పుడే పెకలించు.

వెంకట్రాముడు: మరి ఆ బొక్కల్లో నుంచి దుమ్ము రాదా?

నారాయణమ్మ: డోరు కడుపులోకి వస్తాది, మన మీదికి రాదు. లోపలి అట్ట ఎనక ప్లాస్టిక్ కాగితం అంటించింటారు, అది ఆపుతాది. అయితే పాటలు వినాలని నువ్వు స్పీకర్లు పెట్టిస్తివి కదా, ఆ రోజు దాన్ని నిలువునా కోసేసినారు. ఆ కాగితం మళ్ళీ వేయించి, చుట్టూ జిగురు టేపు అంటించాల. ఎంసీల్ పెట్టాల్సింది నీ స్పీకర్లకు.

వెంకట్రాముడు: సరే, అది పక్క డోర్ల సంగతి. దుమ్మంతా ఎనక సీట్లోనే ఏంటికి ఉంది?

నారాయణమ్మ: ఎనక డోరు బయటి వైపు చూడు, గోడకు సున్నం కొట్టినంత మందం. బండి ముందుకు పోతాంటే దాని ఎనకమాల గాలి పల్చబడతాది. చక్రాలు లేపిన మట్టి అక్కడే సుడి తిరుగుతాది. లోపలి గాలి ఒత్తిడి తక్కువుంటే సందు దొరికిన చోటల్లా లోపలికొస్తాది. నువ్వు బ్లోయరు వేసినావా?

వెంకట్రాముడు: వేసినా. తెలివిగా లోపలి గాలే తిరిగేట్టు రీసర్క్యులేషన్‌లో పెట్టినా. బయటి గాలి తీసుకుంటే దుమ్ము రాదా ఏంది?

నారాయణమ్మ: అదే నీ తెలివి. పూరీ పొంగినప్పుడు చూసినావా?

వెంకట్రాముడు: తిన్నప్పుడు చూసినా.

నారాయణమ్మ: పొంగిన పూరీకి చిన్న చిల్లి పడితే ఆవిరి బయటికి తన్నుతాది. పొంగనిది నూనె తాగుతాది. బండినీ పొంగించాల. అద్దాలన్నీ మూసి, బ్లోయరు బయటి గాలి మీద పెట్టి, 2లోనో 3లోనో తిప్పాల. గాలి లోపలికి తోసుకొని వచ్చి, సందుల్లో నుంచి బయటికి పోతాది. దానికెదురు దుమ్ము రాలేదు. ఏసీ కావాలంటే వేసుకో, మీట మాత్రం బయటి గాలి మీదే ఉండాల.

వెంకట్రాముడు: ముందర ట్రాక్టరు పోతాంటే?

నారాయణమ్మ: దాని తోకకు అంటుకొని పోతే ఏ మీటా కాపాడదు. దుమ్ము తేలిపోయేదాకా ఆగి పో. ఎదురుగా లారీ వచ్చి కళ్ళు కనపడకుంటే ఆ అర నిమిషం లోపలి గాలికి మార్చు, దాటినాక మళ్ళీ మార్చు. మార్చేది మరిచిపోతావు, అదే నా భయం.

వెంకట్రాముడు: బ్లోయరు 4లో పెట్టినా గాలి రాదు, ఉట్టి చప్పుడే.

నారాయణమ్మ: రాదు మరి. వైపర్ల కింద జాలీలో నుంచి గాలి తీసుకుంటాది. నువ్వు వేపచెట్టు కింద నిలుపుతావు. (జాలీలో చెయ్యి పెట్టి గుప్పెడు ఎండాకులు తీస్తుంది) ఇదో, పచ్చడికి పనికొచ్చే పువ్వు కూడా ఉంది. ఇక డ్యాష్‌బోర్డు గూడు ఎనక క్యాబిన్ ఫిల్టరు. మడతల్లో ఎర్రమట్టి గట్టిపడింటాది. నీళ్ళతో కడగొద్దు, అది కాగితం. గాలి పోయే వైపు నుంచి ఎదురు ఊది దులుపు, నల్లబడింటే కొత్తది వెయ్యి. బాణం గుర్తు చూసుకో, తిరగేసి పెట్టగలవు.

వెంకట్రాముడు: ఊదుడు, దులుపుడు సరే. సందు యాడుందో ఎట్ల తెలుస్తాది?

నారాయణమ్మ: ఊదుబత్తి వెలిగించు.

వెంకట్రాముడు: బండికి పూజ దసరాకు చేసినాం కదా!

నారాయణమ్మ: బండిలో కూచొని, బ్లోయరు 3లో వేసి, డోరు అంచుల వెంట ఊదుబత్తి తిప్పు. పొగ ఎక్కడ బయటికి వంగితే అక్కడ సందు. గేరు కడ్డీ సంచి, పెడళ్ళ దగ్గర వైర్లు పోయే రబ్బరు బొక్కలూ చూడు. కార్పెట్టు ఎత్తితే ఎర్ర చారలుంటాయి, వాటి ఎనకే పోతే బొక్క దొరుకుతాది.

వెంకట్రాముడు: డోరు సందులో నోటు పెట్టి లాగి చూడమంటారే?

నారాయణమ్మ: అదీ మంచిదే. మూసిన డోరులో నోటు జారొచ్చిందంటే రబ్బరు ఒత్తుకోలేదు. నీ జేబులో నోటు లేకుంటే ఓటరు స్లిప్పు పెట్టు. (లోపలికి పోయి చపాతీ పిండి తెచ్చి, చిన్న ఉండలు పాలకవరు ముక్కల్లో చుడుతుంది. ఎనక డోరు అంచు మీద నాలుగు చోట్ల పెట్టి డోరు మూసి తెరుస్తుంది.) స్కేలు తే. పై మూల లాకు పక్క 9 మిల్లీమీటర్లు. కింద 4. స్టెప్నీ బరువుకు వంగింది. కొస పట్టుకొని ఎత్తు. టకటకమంటోందా?

వెంకట్రాముడు: అంటోంది.

నారాయణమ్మ: ముందు కీళ్ళ బోల్టులు బిగించాల, అరిగిన పిన్నులు మార్చాల. అది చెయ్యకుండా లావు రబ్బరు అంటిస్తే లాకే పడదు, నువ్వు కాలితో తంతావు. అన్ని చోట్లా 6 వచ్చిందంటే, 8 మిల్లీమీటర్ల డి-షేపు రబ్బరు పాత దాని పక్కన రెండో వరస అంటించు. నొక్కుకున్నాక పావు వంతు అణగాల. స్పంజి మాత్రం తేవద్దు, అది నీళ్ళు తాగుతాది. ముందు స్పిరిట్‌తో తుడువు. లాగి అంటించొద్దు, నాలుగు రోజులకు ముడుచుకొని మూలల్లో సందు పడతాది. అతుకు అడుగున రానీ. ఒక రోజు డోరు మూసి పెట్టు.

వెంకట్రాముడు: ఆ పిండి మళ్ళీ చపాతీలకేనా?

నారాయణమ్మ: నీ వరకు అదే.

(నాలుగు రోజుల తర్వాత. అదే ఎర్రమట్టి బాట. వెంకట్రాముని పాత తెల్ల పంచె చింపిన పీలికలు బండి లోపల నాలుగు మూలలా టేపుతో అంటించి ఉన్నాయి. బ్లోయరు 3లో ఉంది. గంటకు 40 కిలోమీటర్ల వేగం.)

వెంకట్రాముడు: మంచి పంచె చింపినావు.

నారాయణమ్మ: దుమ్ము యాడ నుంచి వస్తాందో తెల్లగుడ్డ మీద బాగా కనపడతాది. (ఎనక్కి తిరిగి) ముందు రెండూ తెలుపే. ఎనక కుడి పక్కది తెలుపు. ఎడమ పక్క... ఎర్రబడింది!

వెంకట్రాముడు: చూసినావా! మీ తమ్ముడు వేసిన రబ్బరు దండగ.

(నారాయణమ్మ మెల్లగా తల తిప్పి మొగుని పక్క అద్దం చూస్తుంది. పైన రెండు వేళ్ళ సందు. సందు దగ్గర బీడీ.)

నారాయణమ్మ: అది ఏంది?

వెంకట్రాముడు: పొగ నీకు పడదని... రెండు వేళ్ళే కదా.

నారాయణమ్మ: బండి పోతాంటే ఆ రెండు వేళ్ళ సందు గాలిని బయటికి పీకుతాది. మూడులో తిప్పే బ్లోయరు తెచ్చేదానికన్నా అది పీకేదే ఎక్కువ. తక్కువైన గాలి ఎనక నుంచి నిండుతాది, దుమ్ముతో సహా. ఆ పొద్దు నా చీర మీద పడిందీ ఈ బీడీ మట్టేనా?

వెంకట్రాముడు: సరే, అద్దం మూసేసే తాగుతాలే.

నారాయణమ్మ: ఆపు బండి. దిగు.

వెంకట్రాముడు: (దిగి) నీకు తోలేది వచ్చునా?

నారాయణమ్మ: (అద్దం చివరి దాకా ఎక్కిస్తూ) ఎక్కించేది వచ్చు.

(బండి కదిలింది. ఎర్రమట్టి లేచింది. వెంకట్రాముడు బీడీ పారేసి తలపాగా ముక్కుకు చుట్టుకున్నాడు.)

వెంకట్రాముడు: ఏమే! మెల్లగా పోవే! దుమ్మూ...