18 అడుగుల టోపీ, దానికి సరిపడే తల

మళ్ళీ ఒక ఫొటో వచ్చింది. వీకెండ్‌కి శాన్ హోజే నుంచి బయల్దేరిన మనవాడొకడు కాలిఫోర్నియాలోనే ఉన్న సలీనాస్ ఊళ్ళో, ఆ పసుపుపచ్చ లోహపు టోపీల శిల్పం ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడి ‘ఫీలింగ్ కౌబాయ్’ అని పెట్టాడు. నిజం ఆవు ఎదురొస్తే కారెక్కి అద్దాలు బిగించుకునే రకం. సరే, ఆయన్నొదిలేద్దాం. టోపీల సంగతి చూద్దాం.

మొత్తం మూడు. ఒక్కోటి 18 అడుగుల వెడల్పు, అల్యూమినియం, స్టీలు. పక్కనే రోడియో మైదానం, అంటే ఎగిరే ఎద్దుల మీదా గుర్రాల మీదా స్వారీ పోటీలు పెట్టే చోటు, ఉంది కాబట్టి, అక్కడెవడో ఉత్సాహం పట్టలేక విసిరిన టోపీ గాల్లోంచి మూడు అంచెల్లో దిగుతోందన్నమాట. 1982లో నిలబెట్టారు. నావన్నీ చిన్న చిన్న డౌట్లే. 18 అడుగుల టోపీ పట్టే తలకి రోజూ ఎన్ని డబ్బాల కొబ్బరినూనె కావాలి? జుట్టు కత్తిరించేవాడు నిచ్చెనేసుకుని ఎక్కితే, మధ్యలో టీ ఎవరు అందిస్తారు? అంతటి మనిషిని వీపునెక్కించుకుని ఎగిరే ఎద్దు ఇంకెంతుండాలి, అది పేడ వేస్తే ఎత్తే కాంట్రాక్టు ఏ కౌన్సిలర్ బామ్మర్దికి దక్కింది? ఇవేవీ తేల్చకుండానే శిల్పం నిలబెట్టేశారు!

పైగా ఇది అచ్చమైన పడమటి అమెరికా సంస్కృతట. చేసిన దంపతుల్లో క్లాస్ ఓల్డెన్‌బర్గ్ పుట్టింది స్టాక్‌హోంలో, కూషా వాన్ బ్రుగన్‌ది నెదర్లాండ్స్. అసలు కౌబాయ్ టోపీకి పేరు తెచ్చిన స్టెట్సన్ 1865లో దుకాణం తెరిచింది తూర్పున, ఫిలడెల్ఫియాలో. తాడు విసిరి పశువుని పట్టడం, రోడియో, ఇవన్నీ వాకేరోలనే మెక్సికో పశువుల కాపర్ల దగ్గర నేర్చుకున్న విద్యలే.

ఆ మెక్సికో నుంచే కూలీలూ వచ్చారు. సలీనాస్ లోయ అంటే లెట్యూస్, సలాడ్లలో వేసే ఆకు. పొద్దస్తమానం నడుం వంచి కోసేవాడు గడ్డి టోపీ పెట్టుకుంటే అది స్టైల్ కాదు, ఎండ. 1963 సెప్టెంబర్ 17న, ఊరికి దగ్గర్లోనే, చువాలార్ దగ్గర, పని ముగించుకుని వస్తున్న బ్రసేరోల, అంటే ఒప్పందం మీద మెక్సికో నుంచి తెచ్చిన కూలీల, బండిని గూడ్సు రైలు గుద్దింది. 32 మంది పోయారు. బండంటే బస్సు కూడా కాదండీ, సరుకులు మోసే ట్రక్కు మీద గూడు కట్టి, లోపల పొడుగు బల్లలు వేసి, మనుషుల్ని కుక్కారు! కోసిన ఆకుకైనా నలగకుండా పెట్టె దొరుకుతుంది, కోసినవాడికి సరైన సీటు దొరకలేదు. 1970లో పొలం కూలీల తరఫున లెట్యూస్ కొనొద్దన్న పిలుపు వెనక్కి తీసుకోనన్నందుకు కూలీల సంఘం నాయకుడు సీజర్ చావెజ్‌ని పెట్టిందీ సలీనాస్ జైల్లోనే. ఆ రైలు ప్రమాదంలో పోయినవాళ్ళ గుర్తుగా హైవే 101లో ఒక ముక్కకి పేరు పెట్టడానికి 2013 దాకా పట్టింది. యాభై ఏళ్ళు! సిగ్గుండాలి.

శిల్పుల మీద నాకేం కోపం లేదు, పని బాగానే చేశారు. పెద్దలకు ఓపికుంటే ఇంకో టెండర్ పిలవమనండి. 32 గడ్డి టోపీలు, అల్యూమినియంలోనే. ఖర్చు తక్కువే అవుతుంది, మామూలు తలకాయల సైజు చాలు.