సవరణ: ఇండిగో రోజ్ టమాటా గురించి
నల్లటి టమాటాలపై ఇంతకుముందు రాసినప్పుడు, ఇండిగో రోజ్ జన్యుమార్పిడి రకమని, కాయ నల్లబడగానే కోసుకోవచ్చని పేర్కొన్నాను. ఈ రెండు మాటలూ తప్పు.

అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ రూపొందించగా 2012లో విత్తనాలు అందుబాటులోకి వచ్చిన ఇండిగో రోజ్, అడవి టమాటా జాతుల లక్షణాన్ని సంప్రదాయ సంకరణంతోనే పొందిన రకం. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ అనే పరిశోధన సంస్థలో స్నాప్‌డ్రాగన్ పూలమొక్క జన్యువులను చేర్చి తయారుచేసిన ఊదా టమాటా వేరు. నేను ఆ రెండింటినీ ఒకటిగా భావించాను. కోసి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది: జన్యువులు చేర్చిన టమాటాకు గుజ్జు కూడా ఊదా రంగే, ఇండిగో రోజ్‌కు తొక్క మాత్రమే.

రెండో తప్పు పంటనే పాడుచేసేది కనుక వివరంగా చెప్పడం నా బాధ్యత. తొక్కకు నలుపునిచ్చే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం కాయ పచ్చిగా ఉండగానే, ఎండ తగిలిన మేరకు ఏర్పడుతుంది. తొడిమ రేకుల నీడ పడినచోట ఆ రంగు రాదు. అందువల్ల నలుపు పక్వానికి గుర్తు కాదు. కాయ అడుగుభాగం ఆకుపచ్చ నుంచి ఎరుపుకు తిరిగి, తొక్క నిగనిగ తగ్గి, వేలితో నొక్కితే కాస్త మెత్తగా తగిలినప్పుడే కోయాలి. నా మాట నమ్మి పచ్చికాయలు కోసి, రుచి లేదని నిరాశపడిన వారిని మన్నించమని కోరుతున్నాను.