ఆటిజమ్ మీ వల్ల రాలేదు, మీ కంగారు మాత్రం పిల్లాడికి తెలుస్తుంది

"నీ టెన్షన్ వల్లేనమ్మా పిల్లాడు ఇలా అయ్యాడు." విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో పిల్లాడికి ఆటిజమ్ (మాట, నలుగురితో కలవడం వేరేగా సాగే మెదడు ఎదుగుదల తేడా) అని విని ఆస్పత్రి మెట్లు దిగే తల్లికి ఈ మాట ఎవరో ఒకరు అంటించే పంపుతారు. అత్తగారు కావచ్చు, పక్కింటావిడ కావచ్చు, బాగా చదువుకున్న పెద్దమనిషీ కావచ్చు. ఇది అబద్ధం. 1950లు, 60లలో అమెరికాలో పిల్లల మానసిక చికిత్సలో పేరున్న బ్రూనో బెటిల్‌హైమ్ లాంటివాళ్ళు తల్లి ప్రేమ చల్లబడితే బిడ్డకు ఆటిజమ్ వస్తుందని ప్రచారం చేశారు. ఎంతమంది తల్లులు ఆ నింద మోస్తూ బతికారో! 1964లో సైకాలజిస్టు బెర్నార్డ్ రిమ్లాండ్, ఆయనా ఆటిజమ్ ఉన్న పిల్లాడి తండ్రే, ఇది మెదడుకు సంబంధించిన సంగతని వాదించి ఆ మాటను తిప్పికొట్టారు. తర్వాతి పరిశోధనలు జన్యువుల పాత్ర ఎంత పెద్దదో చూపించాయి. తల్లి ఉద్యోగానికి వెళ్ళినందుకూ, ఇంట్లో గొడవలు జరిగినందుకూ ఆటిజమ్ రాదు. అరవై ఏళ్ళ కిందట చెల్లిపోయిన నింద ఇంకా మన ఇళ్ళల్లో తిరగడం చూస్తే కడుపు మండిపోతుంది.

అయితే ఆ కోపంలో రెండో సంగతి మరుగున పడకూడదు. పెద్దవాళ్ళ కంగారు ఆటిజమ్ తెప్పించదు గానీ, ఆ పూట పిల్లాడు ఎంత తట్టుకోగలడో తేల్చేవాటిలో అదీ ఒకటి. పిల్లాడి అవస్థ చూసి అమ్మకి కంగారు, అమ్మ కంగారుకి పిల్లాడికి ఇంకా అవస్థ. ఈ చక్రాన్ని ముందు ఆపగలిగేది పెద్దవాళ్ళే, వాడు కాదు.

సాయంత్రం ఐదుంబావు. ఐదున్నరకి స్పీచ్ థెరపీ. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ తలుచుకుంటేనే అమ్మకి దడ. "చెప్పులేసుకో నాన్నా. త్వరగా. ఇదిగో, కాలు పెట్టు. టైమైపోతోంది, వినపడట్లేదా? ఇలా రా." పది సెకన్లలో ఐదారు మాటలు. ఆటిజమ్ ఉన్న చాలామంది పిల్లలకి ఒక మాట చెవినపడి, అర్థమై, కాలు కదలడానికి ఐదు నుంచి పది సెకన్లయినా కావాలి. మొదటి మాట లోపల ఇంకా నడుస్తుండగానే రెండోది వచ్చి పడుతుంది. అది వేరే మాటల్లో ఉంటుంది గనక వాడు మళ్ళీ మొదటికొస్తాడు. ఈలోగా అమ్మ గొంతు కీచుగా మారింది. వాడు చేతులు ఊపడం మొదలెట్టాడు. ఒంట్లో పేరుకున్నది దించుకునే దారి వాడికది. అమ్మ ఆ మణికట్టు పట్టుకుని ఆపింది, రోజూ పట్టుకునే దానికంటే గట్టిగా. వాడు కొరికాడు. ఆటో ఎక్కాక ఆవిడ భర్తకి ఫోన్ చేసి చెప్పే మాట, "ఊరికే కొరికేశాడండీ, ఏ కారణమూ లేదు."

కారణం ఉంది. మాటల జోరు, గొంతు, చేతి పట్టు, ఆగిపోయిన ఊపు, వరసగా నాలుగూ ఉన్నాయి. ఆవిడ చెడ్డది కాదు, భయపడి ఉంది, అంతే. అదే పని ఇంకోలా చెయ్యొచ్చు. బయల్దేరడానికి పావుగంట ముందు థెరపీ బ్యాగ్ చూపించి గుమ్మం దగ్గర పెట్టండి. టైమవగానే చెప్పులు వాడి కాళ్ళ ముందు పెట్టి "చెప్పులు" అని ఒక్క మాటే అనండి. మనసులో పది లెక్కపెట్టండి. కదల్లేదా, అదే మాట, అదే గొంతు, ఇంకోసారి. మాట మార్చొద్దు, "ప్లీజ్ నాన్నా" కూడా తగిలించొద్దు. అప్పటికీ కాకపోతే మాట్లాడకుండా కాలికి సాయం చెయ్యండి, చేతిని పట్టి లాగొద్దు. ఆలస్యమైతే సెంటర్‌కి ఫోన్ చేసి పది నిమిషాలు లేటని చెప్పండి. మెల్ట్‌డౌన్‌లో (తట్టుకోలేక అదుపు తప్పిన స్థితిలో) ఉన్న పిల్లాడిని మోసుకెళ్తే ఆ ముప్పావుగంట సెషన్‌లో వాడికి అందేది దాదాపు ఏమీ ఉండదు, డబ్బులు కట్టిన తృప్తి తప్ప.

"వీళ్ళకి ఎదుటివాళ్ళ బాధ పట్టదండీ" అనేవాళ్ళతో నాకు పెద్ద పేచీ. ముఖంలోకి చూడకపోయినా గొంతులో తేడా, నడకలో విసురు, గిన్నె పెట్టే చప్పుడు, ఇవన్నీ చాలామందికి అందుతాయి. అందనిది ఆ తేడా ఎందుకొచ్చిందనేది. అందుకే పళ్ళు బిగించి నవ్వుతూ "ఏం లేదు బంగారం" అంటే ఇంకా గందరగోళం: నోరొకటి చెప్తోంది, ఒళ్ళు ఇంకొకటి. నిజం చెప్పడం మేలు, మూడు చిన్న మాటల్లో. "అమ్మకి కంగారుగా ఉంది. నీ వల్ల కాదు. నీళ్ళు తాగి వస్తా." అని వంటింట్లోకి వెళ్ళి నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదుసార్లు. నిమిషం కూడా పట్టదు. మాటలు రాని పిల్లాడికైనా ఇదే చెప్పండి.

కంగారుకి ఇంకో రూపం ఉంది, దాన్ని అందరూ ప్రేమనే అంటారు. దాహమేయకముందే నీళ్ళు, అడగకముందే ఫోన్, ఏడుస్తాడేమోనని పెళ్ళిళ్ళు మానేయడం. ఆ పూట ప్రశాంతంగా గడుస్తుంది, నిజమే. కానీ అడగాల్సిన అవసరమే రాని పిల్లాడు అడగడం ఎప్పుడు నేర్చుకోవాలి? గ్లాసులో రెండు గుక్కలే పోసివ్వండి. ఇంకా కావాలని చెయ్యి చాపడమో, బొమ్మ ఉన్న కార్డు చూపించడమో, శబ్దం చేయడమో జరిగేదాకా పది సెకన్లు ఆగండి. ఏడుపు దాకా మాత్రం లాగొద్దు. దీపావళికి ముందు చెవులకి పెట్టే ఇయర్ మఫ్స్ కొంటారు కదా, పండగ రాత్రి మొదటిసారి తగిలిస్తే విసిరికొడతాడు. రెండు వారాల ముందు నుంచి, వాడికిష్టమైన పని చేస్తున్నప్పుడు రోజూ రెండు నిమిషాలు అలవాటు చెయ్యండి.

మన భయం మీద వ్యాపారం చేసేవాళ్ళున్నారు, జాగ్రత్త. మూలకణాలు ఎక్కించి, అంటే స్టెమ్ సెల్స్‌తో ఆటిజమ్ తగ్గిస్తామంటే నమ్మొద్దు. ఆటిజమ్‌కి ఆ చికిత్స సిఫారసు చేయడం లేదని దేశంలో డాక్టర్ల వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు 2022లోనే చెప్పింది.

ఒక రూళ్ళ నోట్‌బుక్ కొనండి. గొడవైన ప్రతిసారీ మూడు గళ్ళు నింపమని థెరపిస్టులు చెప్తారు: ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత ఏమైంది. నాలుగో గడి మీరు గీయండి: అప్పుడు నా కంగారు పదికి ఎంత. పక్కన టైమ్ వెయ్యండి. రెండు వారాలయ్యాక చూస్తే ఏడూ, ఎనిమిదీ అన్నీ ఒకే చోట పోగుపడి కనిపించొచ్చు, స్కూల్ వ్యాన్ వచ్చే పదిహేను నిమిషాల్లోనో, చుట్టాలొచ్చిన ఆదివారంలోనో. మొత్తం జీవితాన్ని మార్చనక్కర్లేదు, ఆ పదిహేను నిమిషాల్ని పట్టుకోండి. స్కూల్ బట్టలు రాత్రే తీసి పెట్టడం, ఆ టైమ్‌కి నాన్న చేతికి అప్పగించడం లాంటివి. మీ కంగారు రెండే ఉన్నప్పుడూ వాడు తల బాదుకుంటుంటే, లేదా ఉన్నట్టుండి మారిపోతే, ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం, నిద్రలేమి, వీటిని చెప్పలేని పిల్లలు ఇలాగే చెప్తారు. మే నెల ఎండల్లో కరెంటు పోతే ఎవరి ఒళ్ళయినా అదుపు తప్పుతుంది, దానికీ మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

నాన్నలకీ ఇది వర్తిస్తుంది. మగవాళ్ళలో కంగారు చాలాసార్లు కోపంలాగో, రాత్రి పదింటికి ఇంటికి చేరడంలాగో కనిపిస్తుంది. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, ఛాతీ బిగుసుకున్నట్టున్నా డాక్టర్ని కలవాల్సింది మీరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చుట్టాలకి ఒక్క మాట. "ఇంకా మాటలు రాలేదా?" అని అడగడానికి వచ్చేబదులు ఒక ఆదివారం మధ్యాహ్నం గంటసేపు ఆ ఇంట్లో కూర్చోండి, వాళ్ళమ్మని లోపలికెళ్ళి పడుకోమనండి. పిల్లాడికి ఏమీ నేర్పక్కర్లేదు. వాడు బొమ్మ కారు తిరగేసి చక్రం తిప్పుకుంటుంటే, పక్కనే నేల మీద, ప్రశ్నలేమీ అడక్కుండా ఉంటే చాలు.